బందరు కోట: ఊబిని నమ్ముకున్న బురుజులు

కోటలూ పటాలాలూ – 9వ భాగం

గత వారం మనం చందుర్తి పొలాల్లో ఆగాం. 1758 డిసెంబరులో ఇంగ్లీషు కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ చేతిలో ఓడిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఫిరంగులనూ గుడారాలనూ అక్కడే వదిలేసి గుర్రం మీద రాజమహేంద్రవరం చేరాడు. అక్కడా నిలవలేదు. గోదావరి దాటి, చివరికి బందరు కోటలో దూరాకే ఊపిరి పీల్చుకున్నాడు. ఓడినవాడు తలదాచుకోవడానికి ఆ రోజుల్లో తెలుగు తీరం మీద అంతకంటే మంచి చోటు లేదు. కాన్‌ఫ్లాన్స్ అలా అనుకోవడంలో తప్పు పట్టలేం. పటం ముందు పెట్టుకున్న ఏ ఇంజనీరైనా అదే మాట చెప్పి ఉండేవాడు.

కోట అనగానే మనవాళ్లకు కొండ గుర్తొస్తుంది. కొండవీడు, కొండపల్లి, గుత్తి, గోల్కొండ, అన్నీ రాతి మీద రాయి పేర్చినవే. బందరులో కొండ మాట అటుంచి, చేతికి గట్టి రాయి దొరకడమే గగనం. ఉన్నదల్లా ఒండ్రు మట్టి, ఉప్పు నీరు. కాబట్టి వాటితోనే కోట కట్టారు. మట్టి గోడలు, వాటి ముఖాన ఇటుక కట్టుబడి, 11 బురుజులు, చుట్టూ నీళ్లు నిండిన కందకం. పొడవు దాదాపు 800 గజాలు. సముద్రం మైలున్నర దూరం. దక్షిణాన ఉప్పుటేరు. మిగిలిన మూడు వైపులా అడుగు పెడితే మోకాలి దాకా దిగబడే ఊబి. జనం కాపురముండే పేట కోటకు వాయవ్యాన, మైలున్నర అవతల ఉండేది. పేట నుంచి కోట ద్వారానికి ఊబి మీదుగా తిన్నగా వేసిన కట్ట ఒకటే దారి. దాని పొడవు దాదాపు 2000 గజాలు. ద్వారం ముందు అడ్డుబురుజు, దాని మీద ఫిరంగులు. కట్ట మీద నడిచొచ్చే శత్రువుకు పక్కకు తప్పుకునే చోటే లేదు.

మట్టి కోట అంటే చులకనగా చూడకండి. ఫిరంగుల కాలంలో రాతి గోడ కంటే మట్టి గోడే నయం. రాతికి గుండు తగిలితే పలకలు పలకలుగా పగిలి లోపలివాళ్ల మీదే పడుతుంది. మట్టి గుండును మింగేస్తుంది. మీద కొంత కూలినా, రాత్రికి రాత్రి గంపలతో మన్ను పోసి మళ్లీ పూడ్చుకోవచ్చు. కాన్‌ఫ్లాన్స్ మనుషులు ముట్టడి రోజుల్లో సరిగ్గా ఆ పనే చేశారు. పగలు ఇంగ్లీషువాళ్లు కూల్చింది రాత్రి ఫ్రెంచివాళ్లు కట్టేవారు.

ఈ ఉప్పు నేల మీద ఇంత మంది కళ్లెందుకు పడ్డాయి? గోల్కొండ సుల్తానులకు సముద్రం మీదికి తెరిచిన తలుపు బందరే. కలంకారీ అద్దకాలు, సన్నబట్టలు, నీలిమందు ఇక్కడే ఓడలెక్కేవి. డచ్చివాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే దిగారు, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో. రేవు గొప్పదేమీ కాదు. తీరం లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు అయిదు మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి, సరుకు పడవల మీద అటూ ఇటూ తిరిగేది. అయినా వెనక ఉన్న దేశం సంపన్నమైంది గనుక ఆ ఇబ్బంది అందరూ ఓర్చుకున్నారు. 1750లో ఫ్రెంచివాళ్లు బందరును చేజిక్కించుకుని కోటను అప్పటి యూరపు పద్ధతిలో బలపరిచారు. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ తన సింహాసనం నిలబెట్టినందుకు ఫ్రెంచి సేనాని బుస్సీకి ఉత్తర సర్కారులు రాసిచ్చాక, ఆ సర్కారుల శిస్తుకూ సైన్యానికీ తాళంచెవి ఈ కోటే అయింది.

ఫోర్డ్ చందుర్తిలో గెలిచిన మర్నాడే బందరు మీదికి ఉరికి ఉంటే కథ అప్పుడే ముగిసేదేమో. ఉరకలేకపోయాడు. కారణం డబ్బు. విజయనగరం ఆనంద గజపతి రాజు, బొబ్బిలి యుద్ధం తర్వాత తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయిన విజయరామరాజు వారసుడు, ఫ్రెంచివాళ్ల మీద కక్షతో ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. సైన్యం ఖర్చుకు నెలకు 50 వేల రూపాయలు ఇస్తానని ఒప్పుకున్నాడు కూడా. గెలిచాక మాత్రం చేయి రాలేదు. రాజుగారి పక్షాన ఒక మాట చెప్పాలి. ఆయన పిలిచింది తన శత్రువును తరమడానికి, ఈస్టిండియా కంపెనీ ఖజానా నింపడానికి కాదు. ఆ బేరసారాల్లో 50 రోజుల దాకా గడిచిపోయాయి. 1759 జనవరి ఆఖర్లో సైన్యం కదిలింది. ఏలూరు దగ్గర మళ్లీ రాజు కోసం ఎదురుచూపులు. మార్చి 6న ఫోర్డ్ బందరు పేట చేరాడు. కాన్‌ఫ్లాన్స్ కట్ట దాటి కోటలోకి వెళ్లి తలుపులు మూసుకున్నాడు.

ఆ మార్చి నెల ఫోర్డ్‌కు ఎలా గడిచిందో చూస్తే, ముట్టడిలో చిక్కింది కోటలోవాళ్లా బయటివాళ్లా అన్న అనుమానం వస్తుంది. లోపల ఫ్రెంచివాళ్లకు తిండీ మందుగుండూ ఉన్నాయి. పుదుచ్చేరి నుంచి ఓడల్లో సాయం వస్తోంది. బయట సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ మీదుగా దిగుతున్నాడు. ఫ్రెంచివాళ్ల మరో దండు రాజమహేంద్రవరం వైపు తిరిగి, ఫోర్డ్‌కు డబ్బు వచ్చే దారి తెంపేసింది. సలాబత్ జంగ్ ఫర్మానా అందేసరికి ఆనందరాజుకు చెమటలు పట్టాయి, విజయనగరం వెళ్లిపోతానన్నాడు. వెనక్కి వెళ్లే దారిలోనే శత్రువు ఉన్నాడని, తన పక్కన ఉండటమే క్షేమమని నచ్చజెప్పి ఫోర్డ్ ఆయన్ని ఆపాడు.

రాజును ఆపగలిగాడు గాని, సొంత సోల్జర్లు తిరగబడ్డారు. జీతాలు లేవు. చందుర్తిలో చేతికొచ్చిన దోపిడీ సొమ్ములో వాళ్ల వాటాను కూడా ఫోర్డ్ సైన్యం ఖర్చులకు వాడేశాడు. మార్చి నెల నడిమి దాటాక ఒకరోజు తెల్ల సోల్జర్లంతా ఆయుధాలతో బారులు తీరి, మా సొమ్ము మాకివ్వకపోతే నడిచి పోతామన్నారు. కొరడాతో, ఉరితాడుతో జవాబు చెప్పే కాలం అది. ఫోర్డ్ అలా చేయలేదు, చేయగల స్థితిలోనూ లేడు. ముందుగా చేతికొచ్చే డబ్బు మీకేనని, కోట పడితే దోపిడీలో కంపెనీ భాగం కూడా మీకిప్పించడానికి పాటుపడతానని మాటిచ్చి శాంతింపజేశాడు. బందరు కోట మీద పడింది అలా ఆశ పెట్టి నడిపిన పటాలం.

ఇంగ్లీషువాళ్ల ఫిరంగులు కోటకు తూర్పున ఇసుక దిబ్బల మీద ఎక్కాయి. కట్ట మీదుగా దాడి చేయడం ఆత్మహత్యే కాబట్టి ఆ వైపు ఎంచుకున్నారు. పైగా ఓడల నుంచి గుండ్లూ మందూ దింపుకోవడానికి సముద్రం దగ్గర. మార్చి 25 నుంచి పగలంతా కాల్పులు. ఏప్రిల్ మొదటి వారంలో గాలివాన కురిసి ఊబి మరింత మెత్తబడింది. 7వ తేదీ ఫిరంగుల అధికారులు లెక్క చెప్పారు. ఇంకా రెండు రోజులకు సరిపడా మందే మిగిలింది. సలాబత్ జంగ్ 15 మైళ్ల దూరంలో ఉన్నాడు. ముట్టడి ఎత్తేసి ఓడలెక్కడమా, ఆ రాత్రే కోట ఎక్కడమా? ఫోర్డ్ రెండోదానికే మొగ్గాడు. రాత్రి 10 గంటలకు దండు సిద్ధం కావాలన్నాడు. అర్ధరాత్రికి సముద్రం పాటు మీద ఉంటుంది, కందకంలో నీరు మూడడుగులకు దిగుతుంది. ఆటుపోట్ల నీటితో నిండే కందకానికి ఉన్న లోపం ఇదే. దాని లోతు కోట యజమాని చేతిలో ఉండదు.

నాకు ఈ ముట్టడి మొత్తంలో అన్నిటికంటే ముఖ్యంగా తోచే ఘట్టం కాల్పుల్లో లేదు. కోటకు నైరుతి వైపు ఊబి దాటరానిదని ఫ్రెంచివాళ్ల నమ్మకం, అందుకే అటు కాపలా పలచన. ఇంగ్లీషువాళ్లదీ మొదట్లో అదే నమ్మకం. అయితే ఆ ఊబికి అడ్డంపడి ఊరివాళ్లు నడిచిపోవడం ఇంగ్లీషు అధికారుల కంట పడింది. ఎవరో ఏమో, చరిత్ర వాళ్ల పేర్లు రాసుకోలేదు. రోజూ వెళ్లే దారిన వెళ్లి ఉంటారు. కెప్టెన్ యార్క్, కెప్టెన్ నాక్స్ వెళ్లి అడుగు వేసి చూశారు. కష్టమే గాని దాటవచ్చు. యూరపు ఇంజనీర్లు గోడగా లెక్కగట్టినదాన్ని బందరు జనం దారిగా వాడుకుంటున్నారు. ఆ సంగతి కోటలోవాళ్లకు తొమ్మిదేళ్ల కాపురంలోనూ తట్టలేదంటే, వాళ్లు పేట జనంతో ఎంత కలిసిమెలిసి ఉన్నారో తెలుస్తూనే ఉంది.

ఆ రాత్రి ఫోర్డ్ దగ్గర ఉన్నది 346 మంది తెల్లవాళ్లు, 1400 మంది సిపాయిలు. తెల్లవాళ్లలో హార్డ్‌విక్ ఓడ నుంచి దిగిన 30 మంది నావికులు కూడా కలిశారు. కోట లోపల దీనికి మించిన బలగం ఉంది. మామూలు యుద్ధనీతి ప్రకారం ముట్టడి వేసేవాడికి లోపలివాడి కంటే కొన్ని రెట్ల సేన ఉండాలి. ఇక్కడ తలకిందులు. అందుకే మూడు చోట్ల అలజడి పుట్టించాలని పథకం వేశారు. ఆనందరాజు సేన కట్ట మీదుగా ద్వారం వైపు హడావిడి చేస్తుంది. నాక్స్ 700 మంది సిపాయిలతో నైరుతి ఊబిలోంచి కాల్పులు మొదలుపెడతాడు. ఈ రెండూ దృష్టి మళ్లించడానికి. అసలు దెబ్బ ఈశాన్యాన, ఫిరంగులు బాగా దెబ్బతీసిన ‘కమీలియన్’ బురుజు మీద.

అనుకున్న వేళకు దండు కదలలేదు, అయినా అనుకున్నట్టే ముందు నాక్స్ తుపాకులు మోగాయి. కోటలోవాళ్ల చూపు అటు మళ్లింది. అప్పటికి అసలు దండు కందకంలో నడుం లోతు నీళ్లల్లో ఉంది. గట్టు పక్కన నాటిన గుంజల్ని పీకి పారేసేలోపు పై నుంచి తూటాలు కురిశాయి. కూలిన మట్టి మీదుగా బురుజు ఎక్కారు. ఎక్కాక చీలిపోయారు. ఒక దళం గోడ మీదుగా ద్వారం వైపు, మరోటి దక్షిణం వైపు, ఒక్కో బురుజూ పట్టుకుంటూ సాగాయి. చీకట్లో మధ్యలో ఎవరో మందుగుండు కొట్టును చూసి సొరంగం పేలబోతోందని కేకేసేసరికి, గెలుస్తున్న దళమే వెనక్కి పరుగు తీసింది. యార్క్ మిగిలిన కొద్దిమందినే వెంటబెట్టుకుని నిలబడ్డాడు, కాళ్లకు తూటాలు తగిలి కూలాడు. ఆయన పక్కన డోలు వాయిస్తూ నడిచిన ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు అక్కడే చనిపోయారు. కెప్టెన్ క్యాలెండర్ సంగతి మరీ విచిత్రం. దండు బయల్దేరేటప్పుడు ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ కనబడలేదు. పోరు సాగుతుండగా హఠాత్తుగా తన దళం ముందు ప్రత్యక్షమై, ద్వారం వైపు నాలుగడుగులు వేసి, ఆఖరి తూటాల్లో ఒకటి తగిలి పడిపోయాడు.

కాన్‌ఫ్లాన్స్ కోట నడిమధ్య కూర్చుని, నలువైపుల నుంచీ వస్తున్న కబుర్లకు తికమకపడుతూ ఉండిపోయాడు. తెల్లవారకముందే షరతుల కోసం కబురంపాడు. షరతుల్లేవు, లొంగిపో, లేకపోతే ఎవరినీ వదలనని ఫోర్డ్ జవాబు. లొంగిపోయాడు. తెల్లవారి లెక్క చూస్తే, పట్టుబడ్డ తెల్లవాళ్లు సుమారు 500 మంది, మిగిలినవాళ్లు రెండున్నర వేల పైచిలుకు, ఫిరంగులు 120. పట్టుకున్నవాళ్ల కంటే పట్టుబడ్డవాళ్లే ఎక్కువ. ఫోర్డ్ వైపు చనిపోయిన తెల్లవాళ్లు 22 మంది, సిపాయిలు 50 మంది. వారం తిరిగేసరికి పుదుచ్చేరి ఓడలు సాయంతో వచ్చాయి, కోట చేతులు మారిందని తెలిసి అక్కడ నిలవకుండా వెళ్లిపోయాయి. సలాబత్ జంగ్ గాలి ఎటు వీస్తోందో గ్రహించి మే 14న ఒప్పందం రాశాడు. ఫ్రెంచివాళ్లను తన రాజ్యంలో ఉంచుకోనన్నాడు. బందరు, నిజాంపట్నంతో సహా తీరం పొడవునా 80 మైళ్లు, లోపలికి 20 మైళ్ల నేలను కంపెనీకి ఇచ్చేశాడు. తెలుగు నేల మీద కంపెనీ పాలన ఆ కాగితంతో మొదలైంది. ప్లాసీకి మన పాఠ్యపుస్తకాల్లో పేజీలు దొరుకుతాయి, బందరుకు ఒక వాక్యం దొరికితే గొప్ప. ఈ లెక్క నాకెప్పుడూ న్యాయంగా అనిపించదు.

ఇంకొక చిన్న ముచ్చట. ఆ రాత్రి గోడలెక్కిన బెంగాల్ తెల్ల పటాలం పేర్లు మార్చుకుంటూ చివరికి ఐర్లండు పటాలమైంది. పేరు రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్. 1922లో రద్దయ్యేదాకా దాని విజయాల పట్టీలో చందుర్తి పేరూ మసూలిపటం (అంటే బందరు) పేరూ ఉన్నాయి. ఐర్లండు పల్లెటూరి కుర్రాళ్లు మన ఊరి పేరు రాసిన జెండాకు వందనం చేస్తూ మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లారు.

కోట కంపెనీదయ్యాక బురుజుల కంటే బ్యారక్‌లకు ప్రాముఖ్యం పెరిగింది. ముట్టడి వేసే శత్రువు లేడు. ఇక కోట అంటే సైన్యం నివాసం, ఆయుధాగారం, మందుగుండు కొట్టు. ఆ రోజుల్లో కంపెనీ బ్యారక్ అంటే పొడుగాటి హాలు, రెండు వైపులా మంచాల బారు. పెళ్లయిన సోల్జరుకు వేరే గది లేదు. అదే హాల్లో ఒక మూల దుప్పటి కట్టుకుని భార్యాబిడ్డలతో కాపురం. రోజూ ఇంత అని సారా కొలిచి పోసేవారు. సిపాయిలకు అదీ లేదు. లైన్లలో గుడిసె ఎవరిది వాళ్లే కట్టుకోవాలి. కంపెనీ గుడిసెకింత అని కొంత రొక్కం చేతిలో పెట్టి ఊరుకునేది. చుట్టూ ఊబి, ఉప్పుగాలి, వేసవిలో పాటు సమయాన బయటపడే బురద. శత్రువు రాకుండా చూసే చోటు మనిషి ఉండటానికి పనికి వస్తుందా అని ఎవరూ అడగలేదు.

ఆ బ్యారక్‌లలో 1809లో జరిగిన తిరుగుబాటును మనవాళ్లు దాదాపు మరిచిపోయారు. తిరగబడింది సిపాయిలు కారు, తెల్ల అధికారులు. మూలం మళ్లీ డబ్బే. సిపాయి పటాలాల అధిపతులకు గుడారాల కోసం నెలనెలా నికరమైన మొత్తం ముట్టేది. యుద్ధం ఉన్నా లేకున్నా అది ఆగదు. శాంతి కాలంలో గుడారాలు కొనకుండా ఆ డబ్బు జేబులో వేసుకోవచ్చు. 1808లో మద్రాసు ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. గవర్నరు సర్ జార్జి బార్లో చేతిలో మెత్తదనం లేదు. నిరసన తెలిపిన అధికారులను 1809 మే 1న వరసగా సస్పెండ్ చేశాడు. దాంతో మద్రాసు సైన్యమంతా కుతకుతలాడింది.

బందరులో అప్పుడు మద్రాసు యూరోపియన్ రెజిమెంటు ఉండేది. మే మొదటి వారంలో లెఫ్టినెంట్ కర్నల్ ఇన్నెస్ దాని అధిపతిగా వచ్చాడు. వచ్చిన కొత్తలోనే, అధికారుల విందులో ఎవరో ‘సైన్యం మిత్రుల’ పేర గ్లాసు ఎత్తారు. అంటే సస్పెండైనవాళ్లను సమర్థించేవాళ్ల పేర. ఇన్నెస్ తాగనన్నాడు, పైగా మద్రాసుకు రాశాడు. ప్రభుత్వం ఒక అధికారిని పదవి నుంచి తీసేసింది, ఇంకొకణ్ణి కొండపల్లి కోటకు తోలింది. ఇంతలో ఈ పటాలం నుంచి కొందరిని విడదీసి యుద్ధ ఓడల మీద కాపలాకు పంపాలన్న ఉత్తర్వు వచ్చింది. మమ్మల్ని ముక్కలు చేసి చెదరగొట్టడానికే ఇదంతా అని అధికారులు తీర్మానించుకున్నారు. జూన్ 25న మేజర్ స్టోరీ ముందుండగా సొంత కమాండరునే నిర్బంధించి కోటను చేతిలోకి తీసుకున్నారు. సికింద్రాబాద్, జాల్నా దండుల్లోని అధికారులతో ఉత్తరాలు నడిచాయి. అందరూ కలిసి మద్రాసు మీదికి నడుద్దామన్న మాటా పుట్టింది.

బార్లో కర్నల్ జాన్ మాల్కమ్‌ను ఓడ మీద పంపాడు. జూలై 4న మాల్కమ్ ఒంటరిగా బందరులో దిగి, అధికారుల మధ్య తిరిగి, వాళ్లతోనే తిని, మాట్లాడి మాట్లాడి వేడి తగ్గించాడు. ఆ మెత్తదనం బార్లోకు నచ్చలేదు. విధేయత పత్రం మీద సంతకం పెట్టండి, లేకపోతే కొలువు వదలండి అని అధికారులందరికీ ఉత్తర్వు వేశాడు. ఆగస్టులో హైదరాబాదు దండు లొంగింది, దాని వెంటే బందరూ లొంగింది.

శిక్షల దగ్గరికి వద్దాం. మూడేళ్ల కిందట, 1806 జూలైలో వేలూరు కోట బ్యారక్‌లలో సిపాయిలు తిరగబడ్డప్పుడు వందల మందిని ఆ పూటే కాల్చి చంపారు, తర్వాత కొందరిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు. 1809లో తెల్ల అధికారుల్లో అత్యధికులకు క్షమాభిక్ష. సైనిక విచారణకు నిలబడ్డ స్టోరీకి పడ్డ శిక్ష ఉద్యోగం పోవడం. ఆ గొడవలో ప్రాణాలు పోయింది శ్రీరంగపట్నం దగ్గర, చిత్రదుర్గం నుంచి నడిచొచ్చిన సిపాయి పటాలాల మీద ప్రభుత్వ గుర్రపుదళం విరుచుకుపడ్డప్పుడు. ఆ సిపాయిలు చేసిన నేరం తమ దొరలు నడవమంటే నడవడం. కంపెనీ న్యాయం ఏ రంగుదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరో 55 ఏళ్లు కోట అలాగే ఉంది. సర్కారులన్నీ కంపెనీవయ్యాయి, కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది, బెజవాడలో ఆనకట్ట లేచింది. పాత బురుజుల మధ్య కవాతులు సాగుతూనే ఉన్నాయి.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. సముద్రం మామూలు పోటు మట్టం కంటే 13 అడుగులు పైకి లేచింది. తీరం పొడవునా 80 మైళ్ల మేర, కొన్నిచోట్ల 17 మైళ్ల లోపలికి నీళ్లు పోయాయి. మునిగిన నేల 780 చదరపు మైళ్లకు తగ్గదని లెక్క. చనిపోయినవాళ్లు 30 వేల మంది అని అంచనా. బందరు పేట, పల్లెలు, సముద్రానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న కోట, అన్నిటి మీదుగా ఆ నీళ్లు పారాయి. ఆటుపోట్లతో నిండే కందకం, మూడు వైపులా ఊబి, ఓడల్ని ఆహ్వానించే ఉప్పుటేరు, కోటకు బలమని ఎంచినవన్నీ ఆ రాత్రి సముద్రానికి బాటలయ్యాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ఏం జరిగిందో తెలిసినవాళ్లకు ఆ రాత్రి గురించి వేరే వర్ణన అక్కర్లేదు.

ఇది ఎవరూ ఊహించని విపత్తు అనడానికి వీల్లేదు. అదే తీరాన కోరంగి 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెనకు కొట్టుకుపోయింది. 1839 నాటి సంగతి కంపెనీ దస్తావేజుల్లోనూ, ఆ కాలపు తుపానుల శాస్త్రవేత్త హెన్రీ పిడింగ్టన్ రచనల్లోనూ ఉంది. 25 ఏళ్లు తిరిగినా, సముద్రానికి మైలున్నర దూరంలో పల్లపు నేలలో సైన్యాన్ని ఎందుకుంచాలని ఎవరూ తిరిగి ఆలోచించలేదు. 1759లో ఊబి సంగతి ఫ్రెంచివాళ్లు పేట జనాన్ని అడగలేదు, తర్వాత సముద్రం సంగతి ఇంగ్లీషువాళ్లూ అడగలేదు. ఫ్రెంచివాళ్ల అజ్ఞానానికి యుద్ధపు తొందర సాకు కావచ్చు. ఇంగ్లీషువాళ్లకు వందేళ్ల వ్యవధి ఉంది గనుక నేను వాళ్లనే పెద్ద తప్పు పడతాను.

ఉప్పెన తర్వాత సైన్యాన్ని అక్కడి నుంచి తీసేశారు. ఫిరంగులకు లొంగి చేతులు మారిన కోట, నీటికి లొంగి ఖాళీ అయింది. బురుజుల మట్టి మట్టిలో కలిసింది. మీరు ఎప్పుడైనా మంగినపూడి సముద్రస్నానానికి బందరు వెళితే, ఒక పూట మిగుల్చుకుని బందరుకోట ఊరి వైపు కూడా వెళ్లండి. ఇటుక కమాన్లతో ఆయుధాగారం శిథిలం ఇంకా నిలబడి ఉంది. బందరులోనే 17వ శతాబ్దపు రాతి పలకలతో డచ్చివాళ్ల సమాధులు ఉన్నాయి. వాటిని కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతోంది. ఆయుధాగారానికి ఆపాటి శ్రద్ధ కూడా దక్కాలి. గోడల్లో రావి మొక్కలు వేళ్లు దించాక చేసే మరమ్మతు ఎన్ని లక్షలు పోసినా ఇటుకను తిరిగి తేలేదు.

బందరు, పెడన, అవనిగడ్డ ప్రాంతాల పాఠకులకు ఒక మనవి. 1864 ఉప్పెన గురించి మీ ఇళ్లలో తాతల నాటి నుంచి చెప్పుకునే మాటలు, గుడి గోడ మీదో బావి గట్టు మీదో నీళ్లు ఎంత దాకా వచ్చాయో తెలిపే గుర్తులు ఉంటే రాసి పంపండి, ఈ శీర్షికలోనే అచ్చువేస్తాం. వచ్చే వారం సికింద్రాబాద్ పక్కన తిరుమలగిరిలో, 1857 భయం పోకముందే లేచిన కందకాల బ్యారక్‌ల కథ.